చిన్న కొండ మీద తొలిసారి స్కీయింగ్: పొద్దున్నుంచి సాయంత్రం దాకా

అందరికీ నమస్తే అండి. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ఉండే మనవాళ్లు చలికాలం రాగానే అడిగే మాట ఒకటే, పిల్లలు స్కీయింగ్ స్కీయింగ్ అంటున్నారు, ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎలా మొదలుపెట్టాలి అని. నా మాట అడిగితే పెద్ద రిసార్ట్‌తో మొదలుపెట్టకండి, ఒక కుటుంబం నడుపుకునే చిన్న కొండకి వెళ్లండి. అందుకే ఈరోజు న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్స్ కొండల్లో రాక్స్‌బరీ దగ్గరున్న ప్లాటెకిల్ మౌంటెన్‌కి వచ్చాం. నాతో మా వదిన ఉన్నారు, గుంటూరు నుంచి మొన్ననే వచ్చారు, మంచు మీద కాలు పెట్టడమే ఇదే మొదటిసారి, కాబట్టి నేను చెప్పేదంతా ఆవిడ చేసి చూపిస్తారు. రండి వదినా, ఫ్రేమ్‌లోకి రండి.

ముందు ఈ కొండ గురించి రెండు ముక్కలు. ఇది 1958 నుంచి ఉంది. 1993లో లాస్లో, డానియెల్ వాయ్‌టే అనే భార్యాభర్తలు కొన్నారు. ఆయన చిన్నప్పుడు స్కీయింగ్ నేర్చుకున్నది ఈ కొండ మీదే, తర్వాత ఇక్కడే నేర్పించాడు కూడా, అలాంటి మనిషి చివరికి కొండనే కొనుక్కున్నాడు. కింద 2,400 అడుగులు, పైన 3,500 అడుగులు, అంటే దిగేది 1,100 అడుగులు. పెద్ద రిసార్ట్ లెక్కలో చిన్నదే కానీ మొదటిసారి వచ్చినవాళ్లకి అందులో పావు వంతు దిగినా కాళ్లు వణుకుతాయి. మామూలుగా శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజులు తెరుస్తారు, మధ్యలో భారీగా మంచు పడితే వీక్‌డేస్‌లో కూడా తెరుస్తారు, కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఎడిసన్ వైపు నుంచి మూడు గంటలు పెట్టుకోండి. త్రూవే మీద కింగ్‌స్టన్ దగ్గర ఎగ్జిట్ 19 తీసుకుని రూట్ 28 పట్టుకుంటే ఫీనీషియా, హైమౌంట్ మీదుగా వచ్చేస్తారు, ఆ తర్వాత రూట్ 30 మీద రాక్స్‌బరీ వైపు. కొండల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వింటర్ టైర్లు ఉంటే మంచిది, లేకపోతే మంచు తుఫాను రోజు మాత్రం దయచేసి సాహసం చేయకండి, కొండ ఎక్కడికీ పోదు.

బట్టల విషయం కాస్త గట్టిగా చెప్తాను ఎందుకంటే మనవాళ్లు జీన్స్ వేసుకుని వచ్చేస్తారు. జీన్స్ వద్దు, కాటన్ వద్దు, లోపల కాటన్ బనియన్ కూడా వద్దు. చెమటకో మంచుకో ఒకసారి తడిసిందంటే ఆరదు, ఒంటికి అంటుకుని ఉన్న వేడంతా లాగేస్తుంది. లోపల థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. చేతికి ఉన్ని గ్లవ్స్ కాదు, వాటర్‌ప్రూఫ్‌వి. హెల్మెట్ రెంట్‌కి దొరుకుతుంది, పెద్దవాళ్లు కూడా పెట్టుకోండి, పిల్లలకే కాదు. గాగుల్స్ ఉండాలి, మంచు మీద ఎండ కళ్లకి భలే కొడుతుంది.

సరే, ఇప్పుడు రెంటల్ దగ్గరికొచ్చాం. ఇక్కడ ఫారం ఇస్తారు, అందులో ఎత్తు, బరువు, వయసు, ఎలా స్కీ చేస్తారు అని అడుగుతారు. బరువు నిజం రాయండి అండి. ఇది మొహమాటం విషయం కాదు. స్కీకి బూటు పట్టుకునే భాగం ఉంటుంది కదా, బైండింగ్ అంటారు, పడినప్పుడు అది ఎంత ఒత్తిడికి విడిపోవాలో ఈ లెక్కలన్నీ చూసే సెట్ చేస్తారు. తక్కువ రాస్తే నడుస్తూ నడుస్తూనే ఊడిపోతుంది, ఎక్కువ రాస్తే పడినప్పుడు ఊడదు, స్కీ ఒకవైపు మోకాలు ఒకవైపు తిరుగుతాయి. ఎలా స్కీ చేస్తారు అన్నచోట మొదటిసారి వచ్చినవాళ్లు టైప్ 1, అంటే జాగ్రత్తగా మెల్లగా వెళ్లేవాళ్లు, అని టిక్ పెట్టాలి.

ఇక బూటు. ఈ రోజంతా బాగుంటుందా పాడవుతుందా అనేది బూటు మీదే ఉంటుంది కాబట్టి కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. వదినా, సాక్స్ ఒక్క జతే కదా? రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు, మధ్యలో ముడతలు పడి రక్తం ఆగిపోయి ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే సన్నటి సాక్స్ ఒకటి చాలు. ఆ థర్మల్ అంచు బూటు లోపలికి పోనివ్వకండి, పైకి లాగేయండి, బూటు లోపల కాలు, సాక్స్ తప్ప ఇంకేం ఉండకూడదు. ఇప్పుడు కాలు లోపలికి తోసి, మడమని నేలకేసి రెండు మూడుసార్లు తట్టండి, అదీ, మడమ వెనక్కి వెళ్లి కూర్చోవాలి. బకుల్స్ కింద నుంచి పెట్టుకుంటూ రాకండి. ముందు చీలమండ దగ్గరది, మడమని పట్టుకునేది అదే, తర్వాత పైవి, ఆఖర్న వేళ్ల మీదవి వదులుగా. పైన పట్టీ కూడా బిగించండి. ఇప్పుడు నిటారుగా నిలబడండి వదినా, వేళ్లు ముందు తగులుతున్నాయా? తగలాలి. ఇప్పుడు మోకాళ్లు ముందుకి వంచండి. వేళ్లు కొంచెం వెనక్కి వచ్చాయి కదా, అంటే సైజు సరిపోయింది. వంచినా కూడా నొక్కుకుంటుంటే చిన్నది, మడమ లోపల లేస్తుంటే పెద్దది, మార్చమని అడగండి. చిన్న కొండలో ఇదే సుఖం, వెనకాల వంద మంది లైను ఉండదు, మొహం చిట్లించకుండా ఇంకో జత తెచ్చిస్తారు.

బయటికొచ్చాం. స్కీ తొడుక్కునే ముందు బూటు అడుగున అంటుకున్న మంచు గీకేయండి, అది ఉంటే బైండింగ్ పట్టదు. ముందు బొటనవేలి వైపు పెట్టి, తర్వాత మడమ కిందకి తొక్కండి, టక్‌మని వినిపించాలి. వాలు మీద ఉంటే కిందవైపు కాలికి ముందు.

మొదట ఒక్క కాలికే స్కీ పెట్టుకుని చదునుగా ఉన్నచోట అటూ ఇటూ జరగండి, తర్వాత రెండో కాలు మార్చి. అలవాటయ్యాక రెండూ. ఇప్పుడు ఆపడం నేర్చుకుందాం, ఎందుకంటే ఆపడం రాకుండా వెళ్లడం నేర్చుకోకూడదు. ఇక్కడ అందరూ పిజ్జా అంటారు, స్కీ ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా, త్రికోణం ముక్కలా. కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కనివ్వకండి. మడమల్ని బయటికి తోస్తే లోపలి అంచులు మంచులోకి దిగుతాయి, వేగం తగ్గుతుంది. వదినా, వెనక్కి వాలుతున్నారు! భయమేసినప్పుడు అందరం వెనక్కి వాలతాం, కానీ వెనక్కి వాలితే స్కీ మన మాట వినదు. మోకాలి కింద ముందువైపు ఎముక బూటు నాలుకని నొక్కుతూ ఉండాలి, చేతులు ముందు, చూపు కాళ్ల మీద కాదు, వెళ్లాల్సిన చోట. ఆ, బాగుంది, ఆగారు! చూశారా, ఆగారు!

తిరగడం ఇంకా సులువు. పిజ్జాలో ఉండే కుడికాలు మీద బరువు వేస్తే ఎడమకి వెళ్తారు, ఎడమకాలు మీద వేస్తే కుడికి. భుజాలు తిప్పి తిరగాలని చూడకండి. వేగం ఎక్కువైందనిపిస్తే ఇంకా గట్టిగా పిజ్జా చేయడం కన్నా తిరుగుతూ కొండకి అడ్డంగా వెళ్లండి, అదే తగ్గిపోతుంది.

పడతారు, పడితే ఏం కాదు. లేవడం ఇలా, రెండు స్కీలు మీ ఒంటికి కిందవైపు, వాలుకి అడ్డంగా పెట్టుకోండి, లేకపోతే లేవగానే జారిపోతారు. తర్వాత పైవైపు చేత్తో నేలని తోసి లేవండి. రాకపోతే పై స్కీ తీసేసి లేవండి, సిగ్గేం లేదు. నేనిక్కడ ఎంత చెప్పినా వీడియో చూసి నేరుగా కొండెక్కకండి, బిగినర్ లెసన్ తీసుకోండి. టికెట్, రెంటల్, లెసన్ కలిపి ప్యాకేజీలు చాలాచోట్ల ఉంటాయి, విడివిడిగా కొనే ముందు అది అడగండి.

ఇక అందరూ భయపడే లిఫ్ట్, అంటే కొండ పైకి తీసుకెళ్లే వేలాడే కుర్చీలు. పోల్స్, అంటే చేతికర్రల పట్టీలు మణికట్టు నుంచి తీసేసి రెండూ ఒకే చేత్తో పట్టుకోండి. ముందున్న కుర్చీ వెళ్లగానే గీత దాకా జరిగి ఆగండి, భుజం మీదుగా వెనక్కి చూస్తే వచ్చే కుర్చీ కనిపిస్తుంది, తగలగానే కూర్చోండి, బార్ కిందకి దించండి. లిఫ్ట్ నడిపే అబ్బాయితో మొదటిసారండి అని చెప్పండి, కొంచెం స్లో చేస్తాడు. పైన గ్లవ్ జారిపోతే వంగి పట్టుకోకండి, పోనివ్వండి. దిగే చోటుకి ముందు బోర్డు కనిపించగానే బార్ ఎత్తి, స్కీ కొనలు పైకి పెట్టండి. మంచు కాళ్లకి తగలగానే లేచి నిలబడండి, కుర్చీని పట్టుకుని ఉండకండి, పక్కవాళ్లని అసలు పట్టుకోకండి, నేరుగా జారిపోయి పక్కకి తప్పుకోండి, వెనక వేరేవాళ్లు దిగుతుంటారు. దిగలేకపోతే అలాగే కూర్చోండి, వాళ్లే ఆపుతారు.

పైన బోర్డులు చూడండి. ఆకుపచ్చ గుండ్రం సులువు, నీలం చదరం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. కానీ ఈ రంగులు ఆ కొండ వరకే, ఈ కొండ మీద నీలం ఇంకో కొండ మీద నలుపై ఉండొచ్చు. ఈ కొండలో నిటారు ట్రైల్స్, అంటే స్కీ దారులు, చాలానే ఉన్నాయి, చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. రూల్ ఒకటి మాత్రం తప్పితే ప్రాణం మీదకి వస్తుంది కాబట్టి పిల్లలకి బాగా చెప్పండి, మీ కంటే కిందున్న మనిషిదే దారి. పై నుంచి వచ్చేవాళ్లే తప్పించుకోవాలి. ఆగితే పక్కన, పైవాళ్లకి కనిపించేచోట ఆగండి, మలుపు కింద ఆగకండి. మళ్లీ బయల్దేరేటప్పుడు ఒకసారి పైకి చూడండి.

పొద్దున్నే రమ్మని ఎందుకంటానంటే ఇదిగో ఈ మంచు కోసం. రాత్రి మంచుని చదును చేసే గ్రూమర్ మెషీన్ నడిపిన చోట దువ్వెనతో దువ్వినట్టు సన్న గీతలున్నాయి చూడండి, దీని మీద స్కీ అంచు చక్కగా పడుతుంది. మధ్యాహ్నానికి ఇది చెదిరి కుప్పలవుతుంది, కుప్పల మధ్య గట్టి మంచు తేలుతుంది. మంచు గన్స్ కూడా అక్కడక్కడా కనిపిస్తున్నాయి కదా, నీళ్లని, ఒత్తిడితో గాలిని కలిపి సన్న తుంపరగా కొడతాయి, కింద పడేలోపు గడ్డకట్టాలి. దానికి చలి ఒక్కటే చాలదు, గాలి పొడిగా ఉండాలి. ఫారెన్‌హీట్‌లో 30 ఉన్నా గాలి పొడిగా ఉంటే తయారవుతుంది, తేమ ఉంటే అవదు. ఇలాంటి చిన్న కొండలకి ఆ నీళ్లు, కరెంటు, డీజిల్ ఖర్చే పెద్ద భారం, డిసెంబర్ చివరి సెలవుల వారంలో వాన పడిందంటే సీజన్ సంపాదనలో పెద్ద ముక్క పోయినట్టే.

నాకు ఈ కొండలంటే ఎందుకింత ఇష్టమో ఇక్కడ చెప్పాలి. ఈ చుట్టుపక్కలే చూడండి, హంటర్ మౌంటెన్‌ని స్లట్‌స్కీ కుటుంబం దశాబ్దాల పాటు నడిపింది, 2016లో అమ్మేశారు, 2019 నుంచి అది పెద్ద రిసార్ట్‌లు నడిపే వేల్ కంపెనీ చేతిలో ఉంది. బెల్లేర్ అనే ఇంకో స్కీ కొండ రాష్ట్ర ప్రభుత్వానిది. అసలు పూర్తిగా మూతపడిన చిన్న కొండలు న్యూయార్క్‌లో, న్యూ ఇంగ్లండ్‌లో వందల్లో ఉన్నాయి, అడవి పెరిగిపోయి ఒకప్పుడు ట్రైల్ ఉందని కూడా తెలీదు. కాబట్టి మీరిక్కడ కొనే టికెట్, లాడ్జ్‌లో, అంటే కొండ కిందుండే భవనంలో, తాగే హాట్ చాక్లెట్, రెంటల్ డబ్బు, ఇవన్నీ వచ్చే ఏడాది ఆ లిఫ్ట్ తిరగడానికే పోతాయి. ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా, కుదిరితే ఏడాదికి ఒక్కసారైనా ఇలాంటి కొండకి వెళ్లండి.

మధ్యాహ్నం భోజనం పన్నెండుకి కాకుండా పదకొండున్నరకే కానివ్వండి, లాడ్జ్‌లో టేబుల్స్ దొరుకుతాయి. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే కారు డిక్కీ దగ్గరే తినేయొచ్చు, పార్కింగ్ నుంచి లాడ్జ్‌కి రెండు నిమిషాల నడకే. బూట్ల బకుల్స్ వదులు చేసి కూర్చోండి, నీళ్లు బాగా తాగండి, చలిలో దాహం తెలీదు.

మూడు దాటాక తొడలు మండటం మొదలవుతుంది. అలసిపోయినప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి, కాబట్టి ఇదే ఆఖరిది, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ పోకండి. ఒంట్లో ఇంకా ఓపిక ఉండగానే ఆపేయండి. వదినా, చాలా? ఇంకోసారి అంటారా? సరే, అయితే ఆ చిన్న స్లోప్ మీదే, పైకి వద్దు.

స్కీలు తిరిగి ఇచ్చేటప్పుడు తీసుకున్న జతే ఇస్తున్నారా అని నంబర్ చూసుకోండి, ర్యాక్ దగ్గర అన్నీ ఒకేలా ఉంటాయి. జనవరిలో తొందరగా చీకటి పడుతుంది, రూట్ 28 మీద జింకలు అడ్డం వస్తాయి, మెల్లగా డ్రైవ్ చేయండి. తడి గ్లవ్స్ బ్యాగ్‌లో కుక్కకుండా కారు హీటర్ ముందు పెట్టుకోండి. బూటు సైజు గురించి, పిల్లల లెసన్స్ గురించి డౌట్స్ ఉంటే కింద రాయండి, చూసి జవాబిస్తాను. ఉంటానండి.