మద్యం ఎక్సైజ్ శాఖది, మరి చికిత్స ఎవరిది?

[తెర: మద్యం దుకాణం ముందు క్యూ. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రి ఓపీ క్యూ.]

వ్యాఖ్యాత: మీ ఊళ్లో మద్యం దుకాణానికి లైసెన్సు ఇచ్చే శాఖ ఏది? ఎవరిని అడిగినా ఠక్కున ఎక్సైజ్ అంటారు. మరి తాగుడు మానలేకపోతున్న మనిషికి చికిత్స చేయించాల్సిన శాఖ ఏది? ఒక్క ముక్కలో చెప్పగలవాళ్లు అరుదు.

మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. తయారీ, అమ్మకం, వాటిపై సుంకం రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమని రాజ్యాంగం 47వ అధికరణ ప్రభుత్వానికి చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం, 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దుకాణాలు, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు... మూడు దశాబ్దాల చర్చంతా అమ్మాలా వద్దా, అమ్మితే ఎవరు అమ్మాలి అన్న దగ్గరే తిరిగింది. అప్పటికే బానిసైనవాడి సంగతి ఎప్పుడూ ఆఖరి పేరాలోనే.

[తెర: మూడు కార్యాలయాల తలుపులు.]

చికిత్స, కట్టడి కలిపి ఈ పని మూడు చోట్ల పంచుకుని ఉంది. ప్రభుత్వాసుపత్రుల మానసిక వైద్య విభాగాలు, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు వైద్యారోగ్య శాఖవి. స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలకు నిధులు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నుంచి వస్తాయి. గంజాయి, మాదకద్రవ్యాల కట్టడి పోలీసులది. వార్తల్లో కనిపించేది మాత్రం ఈ మూడోదే. పట్టుకున్న గంజాయి మూటలను ఫొటో తీయవచ్చు, మానేసిన మనిషిని ఏమని ఫొటో తీస్తారు?

ఈ శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఏమవుతుందో తెలంగాణ కల్లు చూపించింది.

[తెర: కల్లు కాంపౌండ్, ఖాళీ సీసాలు.]

చెట్టు కల్లు చాలని చోట కొందరు వ్యాపారులు నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపి అమ్ముతారు. రోజూ తాగేవాళ్లు నిజానికి అలవాటు పడేది ఆ మత్తుమందులకే. 2015లో ప్రభుత్వం కల్తీపై గట్టిగా దాడులు చేసింది. చేయాల్సిన పనే. కానీ మత్తు ఒక్కసారిగా ఆగిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి జనం ఆసుపత్రులకు పరుగులు తీశారు. చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం, అర్థంలేని మాటలు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ ఓపీ ముందు మళ్లీ అవే లక్షణాలతో జనం బారులు తీరారు.

ఇది పంతం పట్టి ఓర్చుకునే బాధ కాదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాళ్లు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఆ కొద్ది రోజులు మందులు, థయమిన్ (బి1 విటమిన్), ఒక మంచం, గమనించే నర్సు కావాలి. దాడికి ముహూర్తం పెట్టేటప్పుడు జిల్లా ఆసుపత్రికి ఒక్క ఫోను చేస్తే, ఆ మంచాలు ముందే సిద్ధమవుతాయి. దానికి కొత్త పథకం అక్కర్లేదు.

[తెర: 38 మనిషి బొమ్మలు, వాటిలో ఒక్కదానికే రంగు.]

కేంద్రం తరఫున ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినట్లు చెప్పింది ఒక్కరే. ఆసుపత్రిలో చేరినవారు 180 మందిలో ఒకరు.

మంచాలు పెంచితే సరిపోతుందా? చాలామందికి అడ్మిషన్ అవసరమే ఉండదు. ఓపీలో మందు, కౌన్సెలింగ్, నెలల తరబడి మళ్లీ మళ్లీ రమ్మనే పిలుపు కావాలి. నల్లమందు, హెరాయిన్ సమస్య తీవ్రంగా ఉన్న పంజాబ్ 2018లో ఓపీ క్లినిక్‌లు తెరిచి, సిబ్బంది పర్యవేక్షణలో ఆ మత్తు కోరికను అదుపు చేసే బుప్రినార్ఫిన్-నలోక్సోన్ మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టింది. మద్యానికి మందులు వేరు. అయినా రోగి ఇంటికి దగ్గరలోనే చికిత్స అందించే ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

[తెర: తాళం వేసిన గేటు.]

ప్రభుత్వం లేని చోట ప్రైవేటు కేంద్రాలు వెలుస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. అందువల్ల వాటికి చికిత్స చేసే కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. గొలుసులతో కట్టడం నేరం. ఎవరినైనా చేర్పించే ముందు నమోదు పత్రం చూపించమనండి, రాత్రిపూట డాక్టర్ ఎవరుంటారో అడగండి. విసుక్కుంటే వెనక్కి వచ్చేయండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేయవచ్చు. మాదకద్రవ్యాలు వాడే పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారేమోనని భయపడే తల్లిదండ్రులు ఎందరో. వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం దొరికిన కేసులోనో ఇరుక్కున్న బానిస, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో తానంతట తాను చికిత్సకు ముందుకొస్తే, మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.