చెరువులో వదిలాక ఎన్ని బతుకుతున్నాయి?

అందరికీ నమస్తే. ఎండెక్కుతోంది కాబట్టి సుత్తి లేకుండా విషయానికొస్తా. 2016లో తెలంగాణలో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలైన దగ్గర్నుంచి, ఈ చెరువులో ఇన్ని లక్షలు వదిలాం, ఆ ప్రాజెక్టులో ఇన్ని లక్షలు వదిలాం అన్న లెక్కే వింటున్నాం. వారం తర్వాత ఎన్ని మిగిలాయో చెప్పే లెక్క ఏ కట్ట మీదా నాకు కనపడలేదు.

హేచరీలో, అంటే చేప పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో, పెరిగిన పిల్లకు వేళకు తవుడు, నూనె తీసిన చెక్క పడతాయి. మనిషి అలికిడైతే మేత వచ్చిందని పైకి వస్తుంది. నీటికాకి నీడ పడితే లోతుకు పోవాలని, గడ్డిలో కొర్రమట్ట పొంచి ఉంటుందని దానికెవరు చెప్పారు? చిన్న చెరువులకు ఇచ్చే 35-40 మిల్లీమీటర్ల పిల్ల, చేపల్ని తినే వాలుగ చేపకు ఒక గుటక. పెద్ద జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు ఇచ్చేది అందుకే.

అసలు చాలా పిల్లలు వాలుగ దాకా కూడా పోవు. ఆక్సిజన్ సంచిలో రాత్రంతా లారీ ప్రయాణం, వాటి మలంతోనే పాడైన నీళ్లు, పైగా నాయకుడు వచ్చేదాకా కట్ట మీద ఎండలో సంచులు, ఆయన రాగానే ఫొటో కోసం పైనుంచి ఒక్కసారిగా గుమ్మరించడం! కొన్ని అక్కడే తిరగబడతాయి, మిగతావి మత్తుగా ఒడ్డునే తేలుతూ కొంగలకు దొరుకుతాయి. మూతి విప్పకుండా సంచిని పావుగంట, ఇరవై నిమిషాలు చెరువులో తేలనివ్వండి, విప్పాక చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలపండి, సంచి వంచితే పిల్లే ఈదుకుంటూ బయటికి పోవాలి. ఇదంతా తెల్లారేగానీ చల్లబడ్డాకగానీ చేయాలి, ఫొటో టైముకు కాదు.

అమెరికాలో హుడ్ నది స్టీల్‌హెడ్ చేపల మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. హేచరీలో పెరిగే ఒక్కో తరానికీ, నదిలో వదిలాక సంతానాన్ని నిలబెట్టుకునే శక్తి సుమారు 40 శాతం పడిపోతోందట. మన చెరువుల్లో సంతానం దాకా పోనే పోదు, మన బొచ్చె, రవ్వ నిలవ నీళ్లలో గుడ్లే పెట్టవు, ఏటా తెచ్చి వదలాల్సిందే, కాబట్టి మనకు బతికిన పిల్లే లెక్క.

వచ్చిన లోడులోంచి వంద పిల్లల్ని లెక్కపెట్టి హాపా వలలో, అంటే సన్న కళ్ల వలతో పెట్టెలా కుట్టిన సంచిలో, వేసి చెరువులోనే కట్టండి, మర్నాడు ఇదే వేళకు ఎత్తి చూడండి. వాలుగ తినేది ఇందులో తెలీదు, ప్రయాణంలో దెబ్బతిన్నవెన్నో మాత్రం తేలిపోతుంది. ఆ సంఖ్య పంపిణీ రిజిస్టర్‌లో రాశాకే సంతకం పెట్టండి. మత్తడికి జాలి కట్టారా అని కూడా అప్పుడే చూసుకోండి, లేకపోతే బతికినవి కింది ఊరి చెరువుకు పోతాయి, వాళ్లకేం, సంతోషమే! హాపా ఎలా కట్టాలో ఇప్పుడు చూపిస్తా, ఇద్దరు తమ్ముళ్లు నీళ్లలోకి దిగండి.