పెలికన్ 1510: కెమెరా పెట్టె కొనే ముందు చూడవలసినవి

నమస్కారం. ఈ రోజు మనం చూడబోయేది పెలికన్ సంస్థ తయారుచేసే 1510 అనే చక్రాల పెట్టె. కెమెరాలు, డ్రోన్లు మోసుకుంటూ అడవుల్లోనూ సముద్రతీరాల్లోనూ తిరిగేవారికి ఈ పేరు కొత్త కాదు. డేవ్ పార్కర్ అనే స్కూబా డైవర్ తన భార్య ఆర్లీన్‌తో కలిసి 1976లో కాలిఫోర్నియాలో, ఇంటి గ్యారేజీలో ప్రారంభించిన సంస్థ ఇది.

పెట్టెను కొంచెం దగ్గరగా చూపిస్తాను. పిడి పక్కన గుండ్రంగా కనిపిస్తున్న ఈ చిన్న బిళ్ళ అలంకారం కోసం పెట్టింది కాదు. విమానం పైకి ఎగిరినప్పుడు లోపలి గాలి బయటకు పోవడానికి, కిందికి దిగినప్పుడు మళ్ళీ లోపలికి రావడానికి దారి ఇస్తూనే, నీటిని మాత్రం అడ్డుకునే వాల్వ్ ఇది. ఇంత బిగుతుగా మూసుకునే పెట్టెకు ఇది లేకపోతే, దిగిన తరువాత బయటి గాలి ఒత్తిడికి మూత అతుక్కుపోయి, ఎంత లాగినా రాదు.

ఇక మూత చుట్టూ ఉన్న ఈ రబ్బరు ఓ-రింగ్‌ను చూడండి. ఈ పెట్టెకు ఐపీ67 ప్రమాణం ఉంది. అంటే లోపలికి ధూళి చేరదు, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా తడి చేరదు. అయితే ఆ రక్షణ మొత్తం ఈ సన్నటి రబ్బరు శుభ్రంగా ఉండడం మీదే ఆధారపడి ఉంది. ఒకసారి భీమిలి తీరంలో తొందరగా మూత వేస్తూ, రబ్బరు మీద పడిన సరుగుడు ఆకును నేను గమనించలేదు. అల వచ్చి పెట్టెను తడిపింది. ఇంటికి వచ్చి తెరిచి చూస్తే ఆ మూలనే ఫోమ్ చెమ్మగిల్లి ఉంది. పొరపాటు పూర్తిగా నాదే. అప్పటి నుంచి మూత వేసే ప్రతిసారీ రబ్బరు చుట్టూ ఒకసారి వేలు పోనిచ్చి చూస్తున్నాను.

విశాఖ, కాకినాడ వంటి ఊళ్ళలో ఉండేవారికి మరొక మాట చెప్పాలి. తేమగాలిలో తెరిచి మూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుంటుంది, లెన్సులకు బూజు పట్టేది అలాగే. సిలికా జెల్ పొట్లాలు తప్పకుండా వేయండి, రంగు మారగానే మార్చండి.

పెట్టె విరిగితే జీవితకాలం హామీ ఉందని సంస్థ ప్రకటిస్తుంది. సొరచేప కాటు, ఎలుగుబంటి దాడి, ఐదేళ్ళలోపు పిల్లలు చేసే నష్టం మాత్రం ఆ హామీలోకి రావని కూడా ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చింది. మనకు ముఖ్యమైనది వేరే ఉంది: హామీ పెట్టెకే తప్ప, లోపలి వస్తువులకూ ఫోమ్‌కూ వర్తించదు. కాబట్టి ఖరీదైన లెన్సులకు విడిగా బీమా చేయించుకోవడం మంచిది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది దీని బరువు. ఖాళీ పెట్టే దాదాపు 5.4 కిలోలు, ఫోమ్‌తో కలిపితే ఆరు కిలోలు దాటుతుంది. మన దేశీయ విమానాల్లో చేతి సామానుకు సాధారణంగా 7 కిలోలే పరిమితి కనుక, ఒక కెమెరా పెట్టేసరికే అది నిండిపోతుంది. ఇదే సంస్థ తేలికైన ఎయిర్ శ్రేణిలోని 1535 దాదాపు ఇదే కొలతల్లో, ఖాళీగా సుమారు 3.9 కిలోలే ఉంటుంది. జీపులోనో పడవలోనో తీసుకువెళ్ళేవారు 1510 తీసుకోవచ్చు. తరచుగా విమానం ఎక్కేవారు మాత్రం 1535 వైపే చూడండి.