వీడియో కాల్ అడ్రస్‌లో హ్యాష్ ఉంటే 404 ఎందుకొస్తుంది?

నమస్తే. మీటింగ్ రూమ్ అడ్రస్ తప్పు లేకుండా కొట్టారు, డయల్ నొక్కారు, వెంటనే "404 నాట్ ఫౌండ్" అని వచ్చింది. అదే అడ్రస్ పక్క టేబుల్ మీదున్న ల్యాప్‌టాప్ నుంచి కొడితే మాత్రం కలుస్తోంది. అంటే రూమ్ ఉంది, నెట్‌వర్క్ బాగుంది, రిజిస్ట్రేషన్ కూడా బాగుంది. ఇలాంటప్పుడు రౌటర్ జోలికి వెళ్లకండి. అడ్రస్‌లో అక్షరాలూ అంకెలూ కాకుండా ఇంకేమున్నాయో చూడండి.

మనం మాట్లాడుకునేది సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) అడ్రస్‌ల గురించి. ఆఫీసుల్లో పెట్టే వీడియో కాన్ఫరెన్స్ యూనిట్లు, లిన్‌ఫోన్ లాంటి సాఫ్ట్‌ఫోన్లు, వెనకాల ఆస్టరిస్క్, కమైలియో లాంటి సర్వర్లు ఈ అడ్రస్‌లతోనే నడుస్తాయి. మెయిల్ ఐడీ లాగే ఉంటుంది: ముందు యూజర్ పేరు, మధ్యలో ఎట్ గుర్తు, తర్వాత డొమైన్.

మన రూమ్ పేరు 4050#12 అనుకుందాం. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే ప్రమాణం, యూజర్ భాగంలో ఏ గుర్తులు నేరుగా రాయొచ్చో తేల్చేసింది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్, డాట్, స్టార్, ప్లస్, కామా, సెమీకోలన్, స్లాష్, ఇంకా కొన్ని. ఇందులో స్టార్ ఉంది, హ్యాష్ లేదు. ఫోన్ కీప్యాడ్ మీద ఒకే వరసలో ఉన్న ఈ రెండు కీలలో స్టార్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టకపోవడానికీ, హ్యాష్ ఎప్పుడూ పెట్టడానికీ కారణం అంతే.

అనుమతి లేని గుర్తును పంపాలంటే ముందు పర్సెంట్ గుర్తు పెట్టి, పంపాల్సిన గుర్తు హెక్స్ కోడ్ (0-9, ఏ-ఎఫ్‌లతో రాసే సంఖ్య) రెండు స్థానాల్లో రాయాలి. దీన్నే ఎన్‌కోడ్ చేయడం అంటారు, తిరిగి విప్పడం డీకోడ్. హ్యాష్‌కి %23, స్పేస్‌కి %20, ఎట్ గుర్తుకి %40. పర్సెంట్ గుర్తే పేరులో ఉంటే %25. ఈ చివరిది గుర్తుంచుకోండి, గొడవంతా దీంతోనే.

ఇప్పుడు ఫోన్ నిజంగా ఏం పంపుతోందో చూద్దాం. నెట్‌వర్క్‌లో వెళ్లే మెసేజ్‌లను చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ తెరిచి ఫిల్టర్‌లో sip అని కొట్టండి. కాల్ మొదలుపెట్టే ఇన్వైట్ మెసేజ్ మొదటి లైను ఒక్కటి చాలు. కాల్ 5061 పోర్టు మీద టీఎల్ఎస్‌లో, అంటే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంటే వైర్‌షార్క్‌కి ఏమీ కనపడదు. అప్పుడు సర్వర్ లాగ్ చూడాలి, లేదా టెస్ట్ కోసం కాసేపు ఎన్‌క్రిప్షన్ లేని 5060కి మార్చుకోవాలి. ఆస్టరిస్క్‌లో అయితే దాని సిప్ భాగమైన పీజేసిప్ లాగర్ ఆన్ చేస్తే మెసేజ్ మొత్తం స్క్రీన్ మీద పడుతుంది.

అక్కడ 4050%2312 అని కనిపిస్తే ఫోన్ తన పని సరిగ్గా చేసినట్టే. చాలామంది దీన్ని "పర్సెంట్ రెండువేల మూడువందల పన్నెండు" అని చదివి కంగారు పడతారు. పర్సెంట్ తర్వాత రెండే రెండు స్థానాలు కోడ్, మిగతా 12 రూమ్ నంబర్‌లో భాగం.

హ్యాష్ హ్యాష్‌గానే వెళ్తుంటే, నిక్కచ్చిగా ఉండే సర్వర్ 400 బ్యాడ్ రిక్వెస్ట్ అంటుంది, ఉదారంగా ఉండేది ఊరుకుంటుంది. ఒక సర్వర్‌కి కలిసిన కాల్ ఇంకో సర్వర్‌కి కలవకపోవడం ఇందుకే.

4050 వరకే ఉండి మిగతాది మాయమైతే అసలు ఎన్‌కోడింగ్ సమస్యే కాదు. ఆ ఫోన్‌లో హ్యాష్ కీ "డయల్ చెయ్" అన్న పనికి కేటాయించి ఉంది. మీరు హ్యాష్ నొక్కగానే అప్పటిదాకా కొట్టిన నంబర్‌తో కాల్ వెళ్లిపోయింది. 4050 అనే రూమ్ విడిగా ఉంటే ఇంకా కష్టం, ఎర్రర్ కూడా రాదు, వేరేవాళ్ల మీటింగ్‌లో పడతారు.

ఇక 4050%252312 కనిపించిందా? రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. ఎవరో ముందే %23 అని మార్చి అడ్రస్ బుక్‌లో పెట్టారు, ఫోన్ అందులోని పర్సెంట్ గుర్తును మామూలు అక్షరం అనుకుని %25 చేసింది. సర్వర్ ఒకసారి విప్పితే 4050%2312 అనే పేరు వస్తుంది, ఆ పేరుతో రూమ్ లేదు కాబట్టి 404. దీనికి ఇంకోసారి డీకోడ్ చేసే లైను సర్వర్‌లో కలపకండి. నిజంగానే పర్సెంట్ గుర్తు ఉన్న పేరు వచ్చిన రోజు అది ఎదురు తిరుగుతుంది. అడ్రస్ బుక్‌లో, డేటాబేస్‌లో ఎప్పుడూ అసలు పేరే, అంటే 4050#12 ఉండాలి. వైరు మీదకి వెళ్లే చోట ఒక్కసారే ఎన్‌కోడ్ కావాలి.

ఫోన్ సెట్టింగుల్లో ఒక తిరకాసు ఉంది. గ్రాండ్‌స్ట్రీమ్‌లో "ఎస్కేప్ హ్యాష్" అనే ఆప్షన్‌కి "యెస్" పెడితే హ్యాష్ %23 అవుతుంది. యీలింక్‌లో "రిజర్వ్ హ్యాష్ ఇన్ యూజర్‌నేమ్" అని ఉంటుంది, అది ఆన్ చేస్తే హ్యాష్ అలాగే ఉండిపోతుంది. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. రెండు కంపెనీల ఫోన్లు కలిపి వాడే ఆఫీసులో "రెండింట్లోనూ ఆన్ చేశాం కదా" అంటే సరిపోదు.

ఫోన్ సరిగ్గా %23 పంపినా 404 వస్తుంటే, సర్వర్ డీకోడ్ చేయకుండానే వెతుకుతోందన్నమాట. కమైలియోలో యూజర్ పేరు వచ్చింది వచ్చినట్టే చేతికొస్తుంది. పోల్చే ముందు కోడ్‌ను విప్పే అన్‌ఎస్కేప్ ట్రాన్స్‌ఫర్మేషన్ వాడాలి. ఆస్టరిస్క్ డయల్‌ప్లాన్‌లో (ఏ కాల్ ఎటు వెళ్లాలో రాసే చోట) ఇదే పనికి యూఆర్ఐడీకోడ్ ఫంక్షన్ ఉంది. ఆస్టరిస్క్ పాత సిప్ డ్రైవర్ చాన్‌సిప్ కాన్ఫిగరేషన్‌లో ఇలాంటి కోడ్లను విప్పే పెడాంటిక్ ఆప్షన్ గురించి ఎవరైనా చెబితే, ఆస్టరిస్క్ 21 నుంచి చాన్‌సిప్ డ్రైవరే లేదని గుర్తుంచుకోండి.

వెబ్ పేజీలోని లింక్ నొక్కి కాల్ చేసే చోట ప్లస్ గుర్తుతో పేచీ. వెబ్ ఫారమ్ లెక్కలో ప్లస్ అంటే స్పేస్. సిప్ లెక్కలో ప్లస్ అంటే ప్లస్సే. +91తో మొదలయ్యే నంబర్‌ను లింక్ చివర ప్రశ్నార్థకం తర్వాత అలాగే పెడితే, అవతల స్పేస్ 91 అయి చేరుతుంది. అక్కడ మాత్రం %2బీ అని రాయాలి, సిప్ అడ్రస్‌లోకి వచ్చాక మళ్లీ మామూలు ప్లస్. అదే లింక్‌లో హ్యాష్ అలాగే వదిలేస్తే బ్రౌజర్ అక్కడి నుంచి మిగతాదంతా తన దగ్గరే ఉంచుకుంటుంది, వెబ్ సర్వర్‌కి పంపదు.

సొంతంగా ప్రోగ్రామ్ రాసేవాళ్లకి ఒక మాట. సిప్ మెసేజ్‌లోని ఫ్రమ్, టు, కాంటాక్ట్ హెడర్లలో (ఎవరి నుంచి, ఎవరికి అని చెప్పే లైన్లలో) అడ్రస్‌లో కామా, సెమీకోలన్, ప్రశ్నార్థకం ఏదున్నా చుట్టూ యాంగిల్ బ్రాకెట్లు (< >) తప్పనిసరి.

తెలుగు పేర్లు పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ ధర కట్టాలి. ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఒక కోడ్ ఉంటుంది; ఒక్కో కోడ్‌కి యూటీఎఫ్ 8లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) 3 బైట్లు. "రవి" అంటే ర, వ, గుడి, మొత్తం 3 కోడ్లు, 9 బైట్లు. ఎన్‌కోడ్ చేస్తే 27 అక్షరాలు. ఒక్క "ర" ఇలా ఉంటుంది: %ఈ0%బీ0%బీ0. ఐత్వం ఉన్న పేర్లు ఇంకా చిక్కు. "శైలజ"లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్లుగానూ రాయొచ్చు. తెరమీద ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు, సర్వర్‌కి ఇద్దరు శైలజలు. తెలుగు పేరును డిస్‌ప్లే నేమ్‌లో (తెరమీద కనిపించే పేరులో) కోట్స్ మధ్య పెట్టుకుని, అడ్రస్‌ను అంకెల్లో ఉంచుకోవడమే మేలు. డొమైన్ భాగంలో అయితే పర్సెంట్ కోడ్‌కి చోటే లేదు. డాట్ భారత్ లాంటి తెలుగు డొమైన్‌ను ఎక్స్ఎన్, రెండు హైఫన్లతో (xn--) మొదలయ్యే ప్యూనికోడ్ రూపంలో, అంటే ఇంగ్లిష్ అక్షరాలూ అంకెల్లోకి మార్చి ఇవ్వాలి.

వర్డ్ ఫైల్ నుంచో, మెసేజ్ నుంచో కాపీ చేసి అతికించిన అడ్రస్ కలవకపోతే వైర్‌షార్క్ కింది భాగంలో హెక్స్ చూడండి. హైఫన్ ఉండాల్సిన చోట 2డీ ఉంటే సరే. ఈ2 80 93 ఉంటే అది వర్డ్ తనంతట తాను మార్చిన పొడవు గీత. సీ2 ఏ0 ఉంటే విడిపోని స్పేస్. ఫోన్ ముందే ఎన్‌కోడ్ చేసి ఉంటే ఇవే కోడ్లు మొదటి లైనులో పర్సెంట్ గుర్తులతో కనిపిస్తాయి. వీటికి ఏ సెట్టింగూ లేదు, ఆ అడ్రస్ తీసేసి చేత్తో టైప్ చేయాలి.