జడల బర్రె రక్తానికి ఉప్పొక్కటే చాలదు

[దృశ్యం: అరుణాచల్ ప్రదేశ్, పశ్చిమ కామెంగ్ జిల్లా. కొండవాలు మీద మేస్తున్న మంద.]

నమస్తే అండి. ఇవి జడల బర్రెలు, అదే యాక్‌లు. వీటిని మేపేది మోన్పా తెగలోని బ్రోక్పాలు. ఎండాకాలంలో 4,000 మీటర్లు దాటిన పచ్చిక బయళ్లకు తోలుకెళ్తారు, మంచు ముదిరేలోపు కిందికి దింపుతారు.

అంత ఎత్తులో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 60 శాతమే. మైదానం ఆవును అక్కడ ఉంచితే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోతాయి, గుండె అలిసిపోతుంది, కొన్నిటికి గంగడోలులో నీరు దిగుతుంది. యాక్‌లో ఆ నాళాల గోడలు పలుచన, పెద్దగా బిగుసుకోవు. ఎర్రకణాలు చిన్నవి, కానీ ఎక్కువ. హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే యాక్ రక్తపరీక్ష రిపోర్టును ఆవు లెక్కలతో చదవకూడదు.

[దృశ్యం: అరచేతిలోని ఉప్పును నాకుతున్న యాక్.]

ఎంత గొప్ప రక్తమైనా తయారయ్యేది మేతలోంచే కదా. కాపరులు ఉప్పు పెడతారు, దానికోసం పశువు పిలిస్తే వస్తుంది. మంచి అలవాటే. కానీ ఉప్పులో రాగి లేదు, కోబాల్ట్ లేదు, భాస్వరం లేదు.

రాగి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒంట్లో ఇనుము నిల్వ ఉన్నా, దాన్ని కదిలించి ఎముక మజ్జకు చేర్చడానికి రాగి కావాలి. రాగి తగ్గితే ఇనుము ఉండీ రక్తం పట్టదు, నల్లటి వెంట్రుకలు కూడా వెలిసిపోతాయి. పైగా గడ్డిలో, మట్టిలో ఇనుము మరీ ఎక్కువైతే అదే రాగిని ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువగా ఉందని ఇనుము పొడి పోయడం అందుకే తప్పు వైద్యం. కోబాల్ట్ ఉంటేనే పొట్టలోని సూక్ష్మజీవులు బి12 తయారు చేస్తాయి.

[దృశ్యం: దగ్గరగా, పశువు కన్ను.]

కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగండి. లోపలి పొర గులాబీ రంగులో ఉంటే సరే. తెల్లగా పాలిపోతే మినరల్స్ కంటే ముందు నట్టలను (కడుపులోని పురుగులను), కార్జపు జలగను (కార్జంలో చేరే పురుగును) అనుమానించండి. పేడ పరీక్ష చేయించండి. కింది అడవుల్లో జలగలు, గోమార్లు కూడా రక్తం పీలుస్తాయి.

ఇక చలికాలం. గడ్డి ఎండి పీచైపోతుంది, భాస్వరం పడిపోతుంది, పశువు ఎముకలు నమలడం మొదలుపెడుతుంది. అసలు మేతే లేకపోతే ఏ మినరలూ ఆదుకోదు. 2018 డిసెంబరులో మొదలైన మంచుకు ఉత్తర సిక్కింలోని ముగుథాంగ్ ప్రాంతంలో 300కు పైగా యాక్‌లు ఆకలితో చనిపోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఈ కరువు నెలలే చూడి నెలలు కూడా. యాక్ వానాకాలంలో ఎదకొస్తుంది, సుమారు ఎనిమిదిన్నర నెలలు మోసి వసంతంలో ఈనుతుంది. పాలలో రాగి, ఇనుము చాలా తక్కువ. దూడకు కావలసిన రాగి కడుపులో ఉండగానే దాని కార్జంలో చేరాలి. కాబట్టి ఖనిజ లవణ దిమ్మలు, అంటే పశువు నాకే మినరల్ గడ్డలు, మంచుకు దారులు మూసుకోకముందే చలికాలపు మకాంకు చేరాలి. మోతాదు పశువైద్యుణ్ని అడిగే తేల్చుకోండి. ఈ పశ్చిమ కామెంగ్ జిల్లాలోనే, దిరాంగ్‌లో 1989 నుంచి జాతీయ యాక్ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడా అడగవచ్చు.

లద్దాఖ్‌లోలాగా మందలో గొర్రెలూ ఉంటే, పశువుల దిమ్మను వాటికి అందని ఎత్తులో కట్టండి. యాక్‌కు సరిపోయే రాగి గొర్రెకు విషమవుతుంది.