రెండో భాగం రాని నవల: ‘జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’ రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ వీడియోలో మనం చర్చించుకోబోయే నవల సుసానా క్లార్క్ రాసిన ‘జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’. 2004లో వెలువడింది, మరుసటి ఏడు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు అందుకుంది. ఇరవై ఏళ్లు దాటినా దీనికి రెండో భాగం రాలేదు. అయినా పాఠకులు దీన్ని మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నారు, రాని పుస్తకంలో ఏం జరిగి ఉండేదో వాదించుకుంటూనే ఉన్నారు. ఇంతటి అభిమానానికి బీజం నవల లోపలే ఉందని నా అభిప్రాయం. దాన్ని వివరించాలంటే ముగింపును బయటపెట్టక తప్పదు కాబట్టి, ముందే తెలిసిపోవడం ఇష్టం లేనివారు చదివాకే ఈ వీడియో చూడండి.

కథ నెపోలియన్ యుద్ధాల కాలపు ఇంగ్లండులో జరుగుతుంది. ఈ ఇంగ్లండుకు మనకు తెలియని చరిత్ర ఒకటి ఉంది: రేవెన్ కింగ్ అని పిలిచే జాన్ అస్క్‌గ్లాస్ అనే మాంత్రికుడు మూడు వందల ఏళ్లపాటు దేశపు ఉత్తర భాగాన్ని ఏలి, ఒకనాడు వెళ్లిపోయాడు. ఆ తర్వాత మంత్రవిద్య క్షీణించి, పెద్దమనుషులు సభ కట్టి పాత మంత్రాల మీద వ్యాసాలు చదువుకునే వ్యాపకంగా మిగిలింది. యార్క్ నగరంలోని అలాంటి సభతో, మంత్రవిద్య నిజంగా తెలిసిన నోరెల్ ఒక ఒప్పందం చేసుకుంటాడు. తాను నిజంగా మంత్రం వేసి చూపిస్తే వాళ్లందరూ ఆ విద్య జోలికి రావడం మానుకోవాలి. ఆ సభలోని సెగండస్ ఒక్కడే సంతకం పెట్టడు. తర్వాత యార్క్ మిన్‌స్టర్ చర్చిలో రాతిబొమ్మలు నోరు విప్పుతాయి. వాటిలో ఒక చిన్న బొమ్మ, జుట్టులో ఐవీ ఆకులు పెట్టుకున్న ఒక అమ్మాయిని ఎన్నో శతాబ్దాల కిందట అక్కడే చంపారని, రాళ్లు తప్ప చూసినవారు లేరని మొరపెట్టుకుంటుంది. ఆ హత్య సంగతి ఆపై తేలదు. ఒక పెద్ద కథకు సరిపడే విషయాన్ని రచయిత్రి నాలుగు వాక్యాల్లో చెప్పి సాగిపోతారు. పాఠకుడు మాత్రం అంత సులువుగా సాగిపోలేడు.

నవల పొడవునా ఆమె చేసేది ఇదే. దాదాపు రెండు వందల ఫుట్‌నోట్లు ఉన్నాయి. కొన్ని లేని గ్రంథాలను ప్రామాణికంగా ఉదహరిస్తాయి, కొన్ని ఆ గ్రంథకర్తల మధ్య జరిగిన తగాదాలను నమోదు చేస్తాయి, ఇంకొన్ని పేజీల కొద్దీ సాగి సంపూర్ణమైన జానపద కథలవుతాయి. నాటింగ్‌హామ్ మాంత్రికుడి కూతురి ఉంగరం కథ అలా ఫుట్‌నోటులోనే మొదలై అక్కడే ముగుస్తుంది. ప్రధాన కథ ఎంత చెప్పినా, చెప్పనిది అంతకు ఎన్నో రెట్లు ఉందన్న నమ్మకం ఈ ఫుట్‌నోట్ల వల్లే కలుగుతుంది. అందుకే చివరి పేజీ తర్వాత కూడా ఆ ప్రపంచం ఆగిపోయినట్టు అనిపించదు.

ఇక ముగింపు సంగతి. వింకులస్ అనే వీధి మాంత్రికుడి ఒంటి నిండా అర్థం కాని లిపి ఉంటుంది. అతని తండ్రి రేవెన్ కింగ్ గ్రంథాన్ని తాగుడు పందెంలో తినేశాడు, తర్వాత పుట్టిన కొడుకు చర్మం మీద ఆ గ్రంథమే తేలింది. (ఆ తండ్రిని గ్రంథహత్య నేరానికి ఉరి తీశారన్న వివరం క్లార్క్ హాస్యానికి మంచి నమూనా.) చివర్లో రేవెన్ కింగ్ స్వయంగా వచ్చి, చచ్చిపోయిన వింకులస్‌ను బతికించి, అతని ఒంటి మీది రాతను మార్చి వెళ్తాడు. నోరెల్ సేవకుడిగా ఉండిన చిల్డర్‌మాస్ ఈ కొత్త గ్రంథాన్ని యార్క్ మాంత్రికుల ముందుకు తెస్తాడు. దాన్ని చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. తాను వంటల పుస్తకమో, నవలో, మతప్రసంగాల సంపుటమో కావచ్చునని వింకులస్ వాళ్లను ఆటపట్టిస్తాడు. మాంత్రికులు మాత్రం అప్పటికే, నోరెల్‌కు శిష్యుడై తర్వాత విడిపోయిన స్ట్రేంజ్ పక్షం, నోరెల్ పక్షం అని చీలిపోతుంటారు. స్ట్రేంజ్, నోరెల్ ఇద్దరూ వీడని చీకటిలో చిక్కుకుని ఎక్కడికో వెళ్లిపోయారు. మిగిలినవారి చేతిలో ఉన్నది ఇంకా చదవాల్సిన పుస్తకం ఒక్కటే. రెండో భాగం కోసం ఎదురుచూస్తున్న మన పరిస్థితీ సరిగ్గా అదే. పాఠకులను ఈ స్థానంలో నిలబెట్టి వదిలిన నవలకు ఇలాంటి అభిమానులు దొరకడంలో ఆశ్చర్యం లేదు.

క్లార్క్ రెండో భాగం రాయాలనే అనుకున్నారు. చిల్డర్‌మాస్, వింకులస్ వంటి కిందిస్థాయి మనుషుల చుట్టూ అది తిరుగుతుందని ఇంటర్వ్యూల్లో చెప్పారు కూడా. దీర్ఘకాలిక అనారోగ్యం ఆ పనికి అడ్డుపడింది. 2006లో ‘ద లేడీస్ ఆఫ్ గ్రేస్ అడ్యూ’ అనే కథల సంపుటి వచ్చింది. ఆ తర్వాతి నవల ‘పిరనేసి’ 2020లో గాని రాలేదు, దానికీ ఈ ప్రపంచానికీ సంబంధం లేదు. మరుసటి సంవత్సరం దానికి, రచయిత్రుల నవలలకిచ్చే ఉమెన్స్ ప్రైజ్ వచ్చింది. “రెండో భాగం ఎప్పుడు?” అని రచయిత్రిని నిలదీసే ధోరణి నాకు నచ్చదు. ఆరోగ్యం సహకరించని మనిషి మనకు పుస్తకం బాకీ పడి లేదు.

అభిమానం ఎంత ఉన్నా లోపాలు లోపాలే. మొదటి సంపుటం నిదానంగా నడుస్తుంది. స్ట్రేంజ్ రంగప్రవేశం చేసేసరికి కొందరు పుస్తకం మూసేసి ఉంటారు. చనిపోయిన లేడీ పోల్‌ను నోరెల్ ఒక మాయాజీవి సాయంతో బతికించి, బదులుగా ఆమె సగం జీవితాన్ని ఆ జీవికి ఇచ్చేస్తాడు; ఆమెకు జరిగిన అన్యాయం అంత తీవ్రమైనదైనా, ఆమె చాలాకాలం తెర వెనకే ఉండిపోతుంది. 2015లో బీబీసీ తీసిన ఏడు భాగాల సీరియల్ ఆమెకు ఎక్కువ చోటిచ్చింది. అయితే ఫుట్‌నోట్లు తెర మీదికి రావడం కుదరదు కాబట్టి, సీరియల్ చూసి నవల చదివేసినట్టే అనుకోవడం పొరపాటు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే: ఫుట్‌నోట్లను దాటవేయకండి, స్ట్రేంజ్ వచ్చేదాకా ఓపిక పట్టండి. నవల పూర్తయ్యాక ‘ద లేడీస్ ఆఫ్ గ్రేస్ అడ్యూ’ సంపుటిలోని అదే పేరు గల కథ చదవండి. స్ట్రేంజ్ అందులో కాసేపు కనిపిస్తాడు, అక్కడి ముగ్గురు స్త్రీల ముందు అతని తెలివితేటలు పెద్దగా పనిచేయవు.