ఒక షెల్, నాలుగు ఫ్యాక్టరీలు: పెద్ద యుద్ధాల్లో ఆయుధాల ఉత్పత్తి ఎక్కడ ఆగిపోతుంది?

[తెర మీద: నిలువునా కోసి చూపిన 155 మి.మీ. ఫిరంగి షెల్ బొమ్మ]

యుద్ధం గురించి చర్చ మొదలైతే చాలు, రెండు నిమిషాల్లో ఒక పట్టిక బయటికొస్తుంది. వీళ్లకు ఇన్ని ట్యాంకులు, వాళ్లకు ఇన్ని విమానాలు, వీళ్ల రక్షణ బడ్జెట్ ఇంత, వాళ్లది అందులో పదో వంతు. కాబట్టి గెలుపు ఫలానావాళ్లదే. ఆ పట్టిక చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. అంకెలు తప్పని కాదు. యుద్ధం మొదలైన రోజున గిడ్డంగిలో ఏముందో మాత్రమే అది చెబుతుంది. పెద్ద యుద్ధంలో ఆ సరుకు కొన్ని నెలల్లో హరించుకుపోతుంది. ఆ తర్వాత సైన్యం బతికేది ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చే సరుకు మీదే.

"అయితే ఏముంది, డబ్బున్నవాళ్లు ఫ్యాక్టరీలు పెట్టుకుంటారు కదా?" అంటారు. ఇక్కడే అసలు చిక్కు. ఇవాళ ఒక్క షెల్‌ని తీసుకుని ఆ చిక్కేమిటో చూద్దాం. విమానాల దగ్గరికి వెళ్లినా, ట్యాంకుల దగ్గరికి వెళ్లినా మళ్లీ మళ్లీ ఈ షెల్ దగ్గరికే వస్తాను. ఇంతకంటే బాగా అర్థమయ్యే ఉదాహరణ నాకు దొరకలేదు.

[షెల్ బొమ్మ, నాలుగు భాగాలు నాలుగు రంగుల్లో]

ఇప్పుడు వాడుకలో ఉన్న 155 మి.మీ. షెల్ దాదాపు 47 కిలోలు ఉంటుంది. అందులో పేలుడు పదార్థం సుమారు 11 కిలోలు, మిగిలిందంతా దాదాపు ఉక్కే. చూడటానికి ఒకే వస్తువు. నిజానికి ఉక్కు ఒళ్లు, లోపలి పేలుడు పదార్థం, షెల్‌ని ఫిరంగి గొట్టంలోంచి తోసే మందు, ముక్కున ఉండి షెల్‌ని పేల్చే ఫ్యూజు, ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు పరిశ్రమల్లో తయారవుతాయి. ఒకదాని యంత్రాలు ఇంకొకదానికి పనికిరావు.

ముందు ఉక్కు. దిమ్మను ముక్కలుగా కోసి, 1,100 డిగ్రీల దాకా కాల్చి, ప్రెస్ కింద పెట్టి నడుమ బొక్క పొడిచి, గొట్టంలా సాగదీస్తారు. చల్లారాక లేత్ మీద చెక్కుతారు, మూతి భాగాన్ని మళ్లీ వేడిచేసి ముక్కులా నొక్కుతారు. తర్వాత ఉక్కు గట్టిపడేలా కాల్చి, నూనెలోనో నీళ్లలోనో ముంచి, తిరిగి తక్కువ వేడిలో ఉంచుతారు. చివరికి నడుముకు రాగి మిశ్రమంతో పట్టీ వేస్తారు. గొట్టంలోని గాళ్లు ఆ పట్టీని కొరికి పట్టుకుంటేనే షెల్ గిరగిర తిరుగుతుంది.

ఇందులో ఏం చెడుతుంది? దిమ్మ అన్ని వైపులా సమానంగా కాలకపోతే బొక్క పక్కకు జరుగుతుంది. ఒక వైపు గోడ మందం, ఇంకో వైపు పలచన. అలాంటి షెల్ గాల్లో ఊగుతూ పోయి ఎక్కడో పడుతుంది. ముంచినప్పుడు కంటికి కనిపించని పగులు వచ్చిందనుకోండి, అది ఫిరంగిలోనే విరుగుతుంది. అయినా ఈ నాలుగింటిలో ఇదే సులువైన పని. రైలు చక్రాల ఇరుసులో, పెద్ద పైపులో చేసే వాళ్లు నేర్చుకోగలరు.

రెండోది నింపడం. చాలామంది దృష్టి పడనిది ఇదే, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేదీ ఇదే. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కరిగించి షెల్‌లో పోస్తారు. వినడానికి ఇంతే. కానీ గడ్డకట్టేటప్పుడు అది కుంచించుకుపోతుంది. మామూలుగా వదిలేస్తే నడుమ గుల్లలు మిగులుతాయి. అందుకే అడుగు ముందు గడ్డకట్టేలా, పైభాగం చివరిదాకా వేడిగా ఉండి కిందికి దిగుతూ ఖాళీని పూడ్చేలా చూస్తారు. గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. తర్వాత ఎక్స్‌రే.

గుల్ల ఉంటే ఏమవుతుంది? ఫిరంగి పేలగానే షెల్ మీద భూమ్యాకర్షణకు 10 వేల రెట్లకు పైగా ఒత్తిడి పడుతుంది. లోపలి పదార్థం మొత్తం వెనక్కి గుద్దుకుంటుంది. అడుగున గుల్ల ఉంటే అందులోని గాలి ఒక్కసారిగా నలిగి భగ్గున వేడెక్కుతుంది. షెల్ గొట్టంలోనే పేలుతుంది, ఫిరంగీ పోతుంది, చుట్టూ ఉన్న మనుషులూ పోతారు. అందుకే "త్వరగా చల్లార్చండి, ఎక్కువ చేయండి" అని హుకుం జారీ చేస్తే కుదరదు. పక్కనే ఇంకో షెడ్డు వేయడమూ కుదరదు. ఒకటి పేలితే రెండోది అంటుకోకుండా షెడ్ల మధ్య దూరం ఉండాలి, మట్టి గట్లు ఉండాలి, ఒక్కో గదిలో ఎన్ని కిలోలు ఉంచవచ్చో పరిమితి ఉండాలి. స్థలం ఎంచుకునేటప్పుడే దాని హద్దు దాదాపు తేలిపోతుంది.

మూడోది తోసే మందు. పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగును నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెడితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. దాన్ని మరిగే నీళ్లలో మళ్లీ మళ్లీ కడగాలి. ఆమ్లం కాస్త మిగిలినా నిల్వలో ఉండగానే మందు కుళ్లి, తనంతట తానే అంటుకుంటుంది. ఈ కడుగుడులో తొందరపడిన ప్రతి దేశమూ మూల్యం చెల్లించింది.

నాలుగోది ఫ్యూజు. గడియారం లాంటి సున్నితమైన పని. లారీలోంచి కింద పడినా పేలకూడదు, నేలను తాకిన క్షణంలో మాత్రం తప్పక పేలాలి. కాల్చినప్పటి కుదుపు, గిరగిరా తిరుగుడు, ఈ రెండూ కలిస్తేనే లోపలి అడ్డు తొలగుతుంది.

ఇప్పుడు అసలు మాట. నెలకు లక్ష ఒళ్లు, 60 వేల నింపకాలు, 40 వేల షెల్‌లకు సరిపడా మందు, 25 వేల ఫ్యూజులు తయారైతే సైన్యానికి అందేవి 25 వేల షెల్‌లే. మిగతా 75 వేల ఉక్కు గొట్టాలు షెడ్డులో పడి ఉంటాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎంత డబ్బుంది?" కాదు, "ఇరుకు ఎక్కడుంది?" ఆ ఇరుకు ఒకచోట నిలవదు కూడా. ఒకటి వెడల్పు చేస్తే ఇంకోచోట తేలుతుంది.

[1915, బ్రిటన్ పటం]

ఇది ఊహ కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో అక్షరాలా జరిగింది. 1915 మే 9న ఫ్రాన్స్‌లో జర్మన్ల మీద చేసిన ఆబర్స్ రిడ్జ్ దాడి విఫలమైంది. షెల్‌లు చాలకనే అని పత్రికలో వార్త వచ్చింది. ఆ దుమారంలో ప్రధాని ఆస్క్విత్ లిబరల్ ప్రభుత్వం పోయి సంకీర్ణం వచ్చింది. ఆయుధ సామగ్రి కోసమే కొత్త మంత్రిత్వ శాఖ పెట్టి లాయిడ్ జార్జ్‌కు అప్పజెప్పారు. అప్పటికి ఆర్డర్లకు కొదవలేదు, లేనిది సరుకే.

ముందు ఉక్కు ఒళ్ల ఇరుకు వదిలింది. రైలు వర్క్‌షాపులు, ఇంజినీరింగ్ కంపెనీలు లేత్‌లు తిప్పడం మొదలెట్టాయి. వెంటనే నింపే చోట ఆగింది, టీఎన్‌టీ చాలలేదు. దానికి విరుగుడు అమ్మటాల్, అంటే టీఎన్‌టీలో అమ్మోనియం నైట్రేట్ కలపడం. 80 పాళ్లు నైట్రేట్, 20 పాళ్లు టీఎన్‌టీ దాకా వెళ్లారు. అంటే ఉన్న టీఎన్‌టీ ఒక్కసారిగా ఐదింతలు సరిపోయినట్టు. కానీ ఆ పాళ్లలో అది పోయడానికి రాదు, అదిమి నింపాలి. పైగా నైట్రేట్ గాలిలో తేమను పీల్చేస్తుంది. చిల్‌వెల్ ఫ్యాక్టరీలో బొగ్గు నలిపే, చక్కెర ఆరబెట్టే యంత్రాల్లాంటివి తెచ్చి ఈ పనికి మలిచారు. యుద్ధం ముగిసేలోగా అక్కడ కోటీ 90 లక్షలకు పైగా షెల్‌లు నింపారు. 1918 జులై 1న అదే చోట జరిగిన పేలుడులో 134 మంది చనిపోయారు. టీఎన్‌టీ పట్టుకుని పట్టుకుని చర్మం పసుపుపచ్చగా మారిన ఆడకూలీలు వేలల్లో ఉన్నారు. ఉత్పత్తి అంకెల గురించి మాట్లాడేవాళ్లు వీళ్లను మరచిపోవడం నాకు నచ్చదు.

తర్వాత తోసే మందు. బ్రిటన్ వాడిన మందు కార్డైట్. దాని తయారీకి అసిటోన్ అనే ద్రావణి కావాలి. అసిటోన్ కట్టెలను బట్టీ పెట్టి తీసే సరుకు, ఎక్కువగా అమెరికా నుంచి వచ్చేది. హైమ్ వైజ్మన్ అనే రసాయన శాస్త్రవేత్త పిండి పదార్థాన్ని బ్యాక్టీరియాతో పులియబెట్టి అసిటోన్ తీసే పద్ధతి కనిపెట్టాడు. జర్మన్ జలాంతర్గాముల వల్ల మొక్కజొన్న రావడం కష్టమైతే 1917లో బడిపిల్లల చేత హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించారు. ఇంకోవైపు స్కాట్లండ్ సరిహద్దులో గ్రెట్నా దగ్గర తొమ్మిది మైళ్ల పొడవున ఫ్యాక్టరీ కట్టి, అసిటోన్ అక్కర్లేని రకం కార్డైట్ చేశారు.

ఈలోగా ఫ్యూజు దగ్గరా దెబ్బ పడింది. 1916 జూన్ 24 నుంచి ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర వారం రోజులు దాదాపు 15 లక్షల షెల్‌లు కురిపించారు. పట్టికలో చూస్తే మహాద్భుతం. కానీ మూడో వంతు దాకా పేలలేదని అంచనాలున్నాయి. హడావిడిగా పెరిగిన ఉత్పత్తిలో తనిఖీ వెనకబడింది. పేలినవాటిలోనూ ఎక్కువ భాగం ష్రాప్‌నెల్, అంటే గాల్లో పేలి గోళీలు చిమ్మే రకం, లోతైన బంకర్లను అది ఏమీ చేయలేదు. జులై 1న దాడికి దిగిన ఒక్క రోజులోనే 57,470 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు, గాయపడ్డారు లేదా జాడ లేకుండా పోయారు. ముళ్లకంచెను తాకగానే పేలే 106 నంబరు ఫ్యూజు 1917లో గానీ విరివిగా అందలేదు.

అవతలి పక్క జర్మనీకి ఇరుకు ఇంకా మొదట్లోనే ఉంది. నైట్రిక్ ఆమ్లానికి చిలీ నుంచి నైట్రేట్ రావాలి, బ్రిటిష్ నౌకాదళం దారి మూసేసింది. జర్మనీలోని ఓప్పావు ప్లాంటులో 1913 నుంచి గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా తీస్తున్నారు. దాన్ని 1915లో నైట్రిక్ ఆమ్లం వైపు మళ్లించారు, 1917లో లోయినాలో ఇంకా పెద్ద ప్లాంటు తెరిచారు. ఆ రసాయన శాస్త్రం లేకపోతే జర్మనీ అన్నేళ్లు పోరాడగలిగేది కాదు. లోయినా పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

[విమాన ఇంజన్ బొమ్మ]

రెండో ప్రపంచ యుద్ధం. వస్తువు మారింది, ప్రశ్న మారలేదు. రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్‌ని ఫోర్డ్ కంపెనీ మాంచెస్టర్ దగ్గర చేయడానికి ఒప్పుకుంది. డ్రాయింగులు చూసి, వీటితో మేం చేయలేమంది. కొలతలు మరీ కచ్చితంగా ఉన్నాయని కాదు, మరీ వదులుగా ఉన్నాయని! రోల్స్ రాయిస్‌లో చేయి తిరిగిన ఫిట్టర్లు ఒక్కో భాగాన్ని రాకి, సరిచూసి బిగించేవాళ్లు. కన్వేయర్ పద్ధతిలో ఏ ముక్కైనా ఏ ఇంజన్‌కైనా సరిపోవాలి. డ్రాయింగులన్నీ మళ్లీ గీయడానికి ఏడాది దాకా పట్టింది. ఆ తర్వాత అక్కడ 30 వేలకు పైగా ఇంజన్లు తయారయ్యాయి. మన షెల్ లెక్కలో చెప్పాలంటే ఇక్కడి ఇరుకు యంత్రం కాదు, కాగితం.

అమెరికాలో ఫోర్డ్ నడిపిన విల్లో రన్ ఫ్యాక్టరీది ఇంకో తంటా. బి-24 బాంబర్ల కోసం 1941లో కట్టడం మొదలెట్టారు. రేకులను అచ్చుపోయడానికి గట్టి ఉక్కు డైలు చేశారు, వేలల్లో అయితేనే అవి గిట్టుబాటు. ఈలోగా సైన్యం డిజైన్ మార్చుతూ పోయింది, మార్చినప్పుడల్లా డైలు మళ్లీ చెక్కాలి. చివరికి కొన్ని వందల విమానాల దాకా డిజైన్ ముట్టుకోకూడదని, మార్పులు వేరే కేంద్రాల్లో చేయాలని తేల్చుకున్నారు. 1944కి 63 నిమిషాలకో బాంబర్ వచ్చింది. అది చూసి మురిసిపోయేవాళ్లు ముందు గడిచిన రెండేళ్లను లెక్కలోకి తీసుకోరు.

జర్మనీ 1944లో దాదాపు 40 వేల విమానాలు చేసింది, అంతకు ముందెన్నడూ లేనన్ని. అదే ఏడాది మే 12న మిత్రపక్షాలు కృత్రిమ ఇంధన ప్లాంట్ల మీద బాంబులు మొదలెట్టాయి. అందులో ముఖ్యమైనది లోయినా. అవును, ఆ లోయినానే. విమాన ఇంధనం ఏప్రిల్‌లో 1,75,000 టన్నులు, సెప్టెంబరుకి 5 వేల టన్నులు. కొత్త విమానాలు రన్‌వే పక్కన నిలబడ్డాయి, కొత్త పైలట్లకు నేర్చుకోవడానికే ఇంధనం లేదు. ఆ ప్లాంట్లే నైట్రోజన్ కూడా ఇచ్చేవి కాబట్టి షెల్‌లకూ దెబ్బ తగిలింది. పేలుడు పదార్థంలో రాతి ఉప్పు కలిపి నింపారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

టైం అయిపోతోంది, సోవియట్ సంగతి రెండు ముక్కల్లో. 1941 జులై నుంచి నవంబరు వరకు జర్మన్ సైన్యానికి చిక్కకుండా 1,500కు పైగా పెద్ద ఫ్యాక్టరీలను రైళ్లకెక్కించి తూర్పుకు తరలించారు. టీ-34 ట్యాంకు ఒంటిని చేత్తో వెల్డింగ్ చేసే మనుషులు చాలకపోతే యెవ్గెనీ పాటన్ రూపొందించిన ఆటోమేటిక్ వెల్డింగ్ ఆ ఇరుకును విప్పింది. దీనికి విడిగా ఒక వీడియో కావాలి.

[తిరిగి 155 మి.మీ. షెల్]

ఇక ఇప్పటి సంగతి, గబగబా. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అమెరికా నెలకు సుమారు 14 వేల షెల్‌లు చేసేది. లక్ష్యం లక్ష. డబ్బు మంజూరైంది, స్క్రాంటన్‌లో ఉక్కు ఒళ్ల పని పెంచారు, టెక్సస్‌లో కొత్త ప్లాంటు తెరిచారు. 2025 మధ్యకి కూడా నెలకు 40 వేల దగ్గరే ఉండింది. ఐరోపా సమాఖ్య 2024 మార్చిలోగా పది లక్షలు ఇస్తామంది, గడువుకు సగం దగ్గరే ఆగింది. నైట్రోసెల్యులోజ్‌కు కావలసిన పత్తి నూగులో ఐరోపా చైనా మీద బాగా ఆధారపడి ఉంది.

టీఎన్‌టీ? దాన్ని శుద్ధి చేసేటప్పుడు వచ్చే ఎర్రటి విషపు నీటిని వదిలించుకోవడం పెద్ద బెడద. అమెరికా 1986లోనే తయారీ ఆపేసింది. తర్వాత పోలండ్‌లోని బిద్గోష్ ఫ్యాక్టరీ లాంటి విదేశీ వనరుల మీద నడిచింది. కెంటకీలో మళ్లీ టీఎన్‌టీ ప్లాంటు కట్టడానికి ఒప్పందం కుదిరింది 2024 నవంబరులో. అప్పటికి యుద్ధం మొదలై రెండేళ్ల ఎనిమిది నెలలు దాటింది, ప్లాంటు అప్పటికింకా కట్టనే లేదు.